అరవై దాటినవారు క్వాయర్ నుంచి తప్పుకోవాలా?

హనుమకొండ టెనర్:
మా చర్చి క్వాయర్‌లో (పాటల బృందంలో) ఈ క్రిస్మస్ నుంచి అరవై దాటినవారు ఉండకూడదని ప్రతిపాదన వచ్చింది. నేను సమర్థిస్తున్నాను. వయసుతో స్వరతంత్రులు బిగువు కోల్పోతాయి, ఊపిరి నిలవదు. సోప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అని నాలుగు గొంతులు వేర్వేరు వరుసలను కలిపి పాడే పాటలో ఒక్కరు శ్రుతి దిగితే మిగతావారినీ లాగుతారు. పెద్దల మీద గౌరవం లేక చెప్పడం లేదు. మీరేమంటారు?

కాజీపేట ఆల్టో:
తప్పుకోవలసినవాళ్లలో నేనూ ఉన్నాను తమ్ముడూ, కాబట్టి చెబుతాను. రైల్వే క్వార్టర్స్‌లో మా నాన్నగారు ఇంటి గోడ మీద సుద్దతో డో రే మీ రాసి టానిక్ సోల్ఫా, అంటే స్వరాలను అక్షరాలతో చదవడం, నేర్పారు. ఇంగ్లండులో సారా గ్లోవర్ మొదలుపెట్టి, జాన్ కర్వెన్ 19వ శతాబ్దంలో ఊరూరా వ్యాపింపజేసిన పద్ధతి అది. అయిదు గీతల మీద రాసే సంగీతం చదవలేని కార్మికులు కూడా దానితో నాలుగు గొంతులూ పాడారు. పెళ్లికి ముందు నేను సోప్రానో, అంటే స్త్రీలలో పై గొంతు. వయసుతో స్త్రీల గొంతు కిందికి దిగుతుంది, అందుకని కింది గొంతు ఆల్టోకు మారాను. అప్పుడు వయసు ఎవరికీ అడ్డం కాలేదు.

మడికొండ:
అందరికీ ఒకే పరీక్ష పెట్టండి. పుట్టిన తేదీ ఎందుకు?

హనుమకొండ టెనర్:
పరీక్ష పెడితే పెద్దవాళ్లను కాదనే ధైర్యం ఎవరికుంటుంది? నియమమైతే ఎవరి మనసూ నొచ్చుకోదు.

దోర్నకల్ తబలా:
వయసు సంగతి పక్కన పెట్టండి. కీర్తనలను నాలుగు గొంతుల్లో ఎందుకు పాడుతున్నారు? మన కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. మోహన రాగంలో మధ్యమం (మ), నిషాదం (ని) లేవు. మీ ఆల్టోలు ఆ రెండూ పాడుతున్నారు. అది మోహనమేనా?

హనుమకొండ టెనర్:
పాట వరుస మారలేదు కదా అన్నా. ధైవతం (ద) కింద మధ్యమం నిలబెడితే స్వరాల సామరస్యం (హార్మనీ) వస్తుంది, అంతే.

దోర్నకల్ తబలా:
రాగంలో లేని స్వరం చెవిన పడుతుంటే వరుస మారలేదని ఎలా అంటారు? గమకం, అంటే స్వరాన్ని ఊపి పాడడం, పోయింది. కీబోర్డు పట్టుకున్న స్వరం దగ్గర గొంతు ఆగాల్సి వస్తోంది. 19వ శతాబ్దపు కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి కాలంలోనే తెలుగు క్రైస్తవ కీర్తన మన రాగతాళాల్లో స్థిరపడింది. 1939లో ప్రతిష్ఠించిన మా దోర్నకల్ కేథడ్రల్‌నే చూడండి. అజరయ్య బిషప్ గారు దాన్ని పరదేశపు నమూనాలో కట్టించలేదు.

హనుమకొండ టెనర్:
అందులో గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ చర్చి పద్ధతీ కలిసి ఉన్నాయి. మీ ఉదాహరణ నా మాటనే బలపరుస్తోంది. కట్టడంలో కలిస్తే తప్పు కానిది పాటలో కలిస్తే తప్పా?

దోర్నకల్ తబలా:
మధ్యమం గురించి జవాబు రాలేదు.

మడికొండ:
అడిగింది వయసు గురించి.

కాజీపేట ఆల్టో:
వయసు గురించి కాదని నాకు ఇప్పుడు అర్థమైంది. పోయిన ఈస్టరుకు ముందు సాధనలో ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "అమ్మా, ఈసారి వీడియో తీస్తున్నారు, మీరు సంఘంతో కూర్చోండి" అన్నారు. శ్రుతి దిగిందని అనలేదు. సరేనని వెళ్లి కూర్చున్నాను. ఆ ఆరాధనలో నా వరుసలో ఒక్కరూ నోరు విప్పలేదు. తెలిసిన కీర్తనే, చిన్నప్పటి నుంచి అందరికీ నోటికి వచ్చిందే. కానీ కొత్త సామరస్యంలో పల్లవి ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక విన్నారు, ఫోనుల్లో తీసుకున్నారు. క్వాయర్ సంఘం చేత పాడించాలి. మీరు సంఘాన్ని ప్రేక్షకులను చేశారు.

హనుమకొండ టెనర్:
అక్కా, నేను ఉన్నమాట చెబుతాను. మా అబ్బాయి వయసు పిల్లలు చర్చి మానేస్తున్నారు. వాళ్లకు మంచి సంగీతం కావాలి. కష్టపడి నేర్చుకున్న పాటను శుభ్రంగా దేవునికి అర్పించడం కూడా ఆరాధనే. అందరూ తోచినట్టు పాడితే ఆ పిల్లలు నిలవరు. వాళ్లను పోగొట్టుకోవడం నాకు భయం.

కాజీపేట ఆల్టో:
పిల్లలను పోగొట్టుకోవద్దు. సోల్ఫా నేర్పడానికి నేను శనివారాలు వస్తాను. అయితే ఆదివారం మొదటి కీర్తన ఒకే గొంతుగా, సంఘం అందుకోగల శ్రుతిలో ఉండాలి. దానికి ఒప్పుకుంటారా?

హనుమకొండ టెనర్:
ఒక్క కీర్తనకైతే పాస్టరు అయ్యగారిని అడుగుతాను. వయసు నియమం మాత్రం వెనక్కి తీసుకోను.

దోర్నకల్ తబలా:
ఆ ఒక్క కీర్తన మోహనంలోదైతే కీబోర్డు ఆపండి.