‘తొట్టి’యా, ‘తొట్టె’యా? (లూకా 2:7, పిల్లలచేత కంఠతా పెట్టించే వాక్యం)

మన్నేరు:
క్రిస్మస్ దగ్గర పడింది, ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయాను. “...పొత్తిగుడ్డలతో చుట్టి, సత్రములో వారికి స్థలము లేనందున ఆయనను పశువుల తొట్టిలో పరుండబెట్టెను.” అచ్చులో ‘తొట్టి’ అనే ఉంది. కందుకూరు, కనిగిరి వైపు పెద్దవాళ్ల నోట మాత్రం ‘తొట్టె’ అని పలుకుతుంది. ఉత్త ఉచ్చారణ తేడానా, అర్థం కూడా మారుతుందా? ఇంకోటి, పశువుల తొట్టి అనగానే మన ఊళ్లల్లో పిల్లలకు కళ్లముందు కనబడేది కుడితి తొట్టి. బాలయేసును అందులో పడుకోబెట్టడమేంటని అడిగితే ఏం చెప్పాలి?

ఒంగోలు గిత్త:
తొట్టీ కాదు, తొట్టే కాదు. అది గాడి. నీళ్లు, కుడితి పోసేది తొట్టి. చొప్ప, వరిగడ్డి వేసేది గాడి. గ్రీకులో ఉన్న మాట ‘ఫాట్నే’, మేత వేసే చోటు. సాక్ష్యం అదే లూకాలో ఉంది, 13:15 తీయండి: “తన యెద్దునైనను గాడిదనైనను గాడియొద్దనుండి విప్పి, తోలుకొనిపోయి” నీళ్లు పెట్టడం. అక్కడా గ్రీకు మాట ఫాట్నేనే. ఒకే మాటను 13లో గాడి అని, 2లో తొట్టి అని తెనిగించారు. పైగా 13లో గాడి దగ్గర విప్పి నీళ్లకు తోలుకుపోతున్నారంటే గాడిలో నీళ్లు లేవనే కదా! పిల్లలకు ఈ రెండు వాక్యాలు పక్కపక్కన చదివించండి, కుడితి గొడవ అక్కడికక్కడే తీరుతుంది.

పులికాట్ కొంగ:
గాడి సంగతి బాగుంది గానీ అడిగింది ‘టి’, ‘టె’ల గురించి. తొట్టె అంటే ఉయ్యాల, తొట్టెల. తడ, సూళ్లూరుపేట వైపు (ఇప్పుడు తిరుపతి జిల్లా అంటారు, సరే) అరవంలో తొట్టిల్ అంటే ఉయ్యాల, తొట్టి అంటే నీళ్ల తొట్టి. రెండూ అక్కాచెల్లెళ్లే. పెద్దవాళ్లు తొట్టె అన్నది పొరపాటు కాదు, పశువుల ఉయ్యాల అనే అందమైన ఊహ. నా ఓటు దానికే.

పెన్నా పొర్లుకట్ట:
అరవం తెస్తే అరవం బైబిలే చూడాలి కొంగగారూ. అందులో తొట్టీ లేదు, తొట్టిలూ లేదు. ‘మున్నణై’ అని ఉంది, పశువు ముందుండే మేతగట్టు. కాబట్టి అక్కణ్ణించి దిగుమతి అయిందన్న వాదం నిలవదు. పాటల్లో చూద్దామా అంటే తొట్టి, తొట్టె రెండూ గురువు, లఘువు, గలమే. ఛందస్సు ఎవరి పక్షానా సాక్ష్యం చెప్పదు. నాకు తోచేది, తర్వాత ‘పరుండబెట్టెను’లో వచ్చే ‘ట్టె’ నాలుక మీద ముందే వాలి తొట్టిని తొట్టె చేసింది. కంఠతా చెప్పేటప్పుడు ఇలాంటివి మామూలే.

పులికాట్ కొంగ:
మరి 12వ వచనంలో “తొట్టిలో పండుకొనియుండుట” అని ఉంది, పక్కన ‘ట్టె’ లేదు. అక్కడా తొట్టె అనే అంటారు. దానికేమంటారు?

పెన్నా పొర్లుకట్ట:
7 ముందు నేర్చుకుంటారు గనక. 12కి అదే అంటుకుంది.

మోపాడు చెరువు:
మీరు తేల్చేలోపు పండగ వెళ్లిపోద్ది. అక్షరం ఏదైనా పిల్లలచేత ఆ వస్తువు చేయించండి, అర్థం చేతిలోంచి ఎక్కుతుంది. చెరువు బంకమట్టి రెండు పాళ్లు, ఊక ఒక పాలు కలిపి బాగా తొక్కి, జానెడు పొడవు, నాలుగంగుళాల వెడల్పు, అర అంగుళం మందం గోడలతో గాడి చేయించాలి. నీడలో అయిదు రోజులు ఆరనివ్వాలి. ఎండలో పెడితే పైపొర ముందు బిగిసి మూలల్లో పగులుతుంది. అడుగు లావుగా, గోడలు పల్చగా చేసినా పగులే, రెండూ ఒక తీరున ఆరవు.

డిసెంబర్ 1 నుంచి 24 దాకా రోజుకో వరిగడ్డి పరక. పిల్ల ఆ రోజు చేసిన ఒక మంచి పనికి ఒకటి, పని ఏదో నోటితో చెప్పి వెయ్యాలి. గడ్డి ముందే ఎండబెట్టుకోకపోతే వారానికి బూజు పడుతుంది. కొవ్వొత్తి దాని దగ్గరికి రానీయొద్దు. గాడి 24 రాత్రి దాకా ఖాళీగానే ఉండాలి. ఎక్కువ ఇళ్లల్లో జరిగే తప్పు ఇదే, మొదటి రోజే బొమ్మను పెట్టేస్తారు, ఇక ఎదురుచూడటానికి ఏం మిగిలింది?

జ్ఞానులను కూడా గాడి పక్కన పెట్టొద్దు. మత్తయి 2:11లో వాళ్లు వచ్చింది ఇంటికి. ముగ్గురని కూడా లేదు, కానుకలు మూడు, అంతే. అలమర అటు చివర నిలబెట్టి రోజుకో బెత్తెడు జరిపిస్తే జనవరి 6కి, అంటే జ్ఞానుల పండగకి, చేరతారు.

మన్నేరు:
పొత్తిగుడ్డలు దేనితో చేయిస్తారు?

మోపాడు చెరువు:
పాత నూలు పంచె. రెండంగుళాల వెడల్పు, గజం పొడవు చీలిక. పాలిస్టర్ జారిపోతుంది. పాదాల నుంచి పైకి, ఒక్కో చుట్టూ కింది చుట్టులో సగం కప్పేలా చుట్టి కొస లోపలికి దోపాలి. పిన్నీసు వద్దు. చినిగిన గుడ్డ అయితే ఇంకా మంచిది, పేదరికం తెలుస్తుంది.

ఒంగోలు గిత్త:
ఇక్కడ అడ్డుపడక తప్పదు. పొత్తిగుడ్డ చింకిగుడ్డ కాదు. యెహెజ్కేలు 16:4 చూడండి: దిక్కులేని బిడ్డకు బొడ్డు కోయలేదు, నీళ్లతో కడగలేదు, ఉప్పు రాయలేదు, బట్ట చుట్టలేదు. అంటే బట్ట చుట్టడం ముద్దుగా చూసుకున్న బిడ్డకు జరిగేది. మరియ చేసింది అదే. చుట్టిన గుడ్డ ఏ పసిబిడ్డకైనా ఉంటుంది, గాడిలో పడక ఈ బిడ్డకే. అందుకే దూత గొల్లలకు రెండూ కలిపి ఆనవాలు చెప్పాడు. పొత్తిళ్లు, మొక్కజొన్న పొత్తు కూడా ఈ కుదురువేనేమో, పొరలతో పొదువుకున్నది.

పెన్నా పొర్లుకట్ట:
మొక్కజొన్న తెలుగునేలకు వచ్చిందెప్పుడు, పొత్తి మాట ఎప్పటిది!

ఒంగోలు గిత్త:
పంట కొత్తది, మాట పాతది. కొత్త సరుక్కి పాత పేరు పెట్టడం మనకు కొత్తా?

గుండ్లకమ్మ ఒడ్డు:
ఆలస్యంగా వచ్చాను. తొట్టి మన నెల్లూరు సీమ మాటేనని నా అనుమానం. తెలుగు కొత్త నిబంధన సవరణలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర చెయ్యి ఉంది. 1849 నుంచి ఆయన మకాం నెల్లూరు. ఒంగోలు కొండ మీద 1854 జనవరి 1న తెల్లవారుజామున ప్రార్థన చేసింది కూడా ఆయనే. ఇక్కడ విన్న మాటే అచ్చుకెక్కి ఉంటుంది.

పెన్నా పొర్లుకట్ట:
ఆ లెక్కన ఆయనకు గాడి కూడా ఇక్కడే వినబడి ఉండాలి. పైగా ఆయనకు ముందే బెంగాల్‌లోని సెరాంపూర్‌లో 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది. అంతకు చాలా ముందు జర్మన్ మిషనరీ షుల్జ్ తెనిగించింది అచ్చుకే నోచుకోలేదు. వాటిలో ఆ చోట ఏముందో చూడకుండా ఊరిపేరు రాసెయ్యకూడదు.

గుండ్లకమ్మ ఒడ్డు:
అదీ నిజమే. అయినా తొట్టి తప్పు కాదు స్వామీ. పాలస్తీనా తవ్వకాల్లో, మెగిద్దో దగ్గర, రాతిని తొలిచి చేసిన మేత గాడులు దొరికాయి. మన చీమకుర్తి రాతితో చేస్తే దాన్ని తొట్టి అనక ఏమంటారు? పిల్లలకు రాతితొట్టి అని చెప్పండి, చాలు.

పులికాట్ కొంగ:
ఇదంతా జాషువా గారి చేతిలో పడితే ఒక్క పద్యంతో తేల్చేసేవారు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ ఊరికే ఇచ్చిందా! పసిబిడ్డ మీద ఆయన రాసిన పద్యాలు పక్కన పెట్టుకుని చూడండి, తొట్టిలో బిడ్డ తత్త్వం అక్కడే ఉంది.

పెన్నా పొర్లుకట్ట:
పసితనం మాటకొస్తే మన ఎర్రన హరివంశంలో చిన్నికృష్ణుణ్ణి ముందు చదవాలి. జాషువా గారిది వినుకొండ.

పులికాట్ కొంగ:
కవికి జిల్లా హద్దులా? ఎర్రన అద్దంకి రెడ్ల కొలువుకు పోలేదా?

ఒంగోలు గిత్త:
పిల్లల పాఠానికి వస్తే, నేను గాడి మీదే ఎందుకు పట్టుబడుతున్నానంటే, బేత్లెహేము అంటే హీబ్రూలో రొట్టెల ఇల్లు. ఆ ఊళ్లో మేత వేసే చోట పడుకోబెట్టిన బిడ్డ పెద్దయ్యాక యోహాను 6:35లో “జీవాహారము నేనే” అంటాడు. నీళ్లతొట్టి అంటే ఈ ముడి తెగిపోతుంది. ఎద్దు, గాడిద బొమ్మలు పెడతారు కదా, అవి లూకాలో లేవు. యెషయా 1:3 నుంచి వచ్చాయి: “ఎద్దు తన కామందు నెరుగును, గాడిద సొంతవాని దొడ్డి తెలిసికొనును.” పాత గ్రీకు అనువాదంలో ఆ దొడ్డి దగ్గర కూడా ఫాట్నేనే.

మోపాడు చెరువు:
అంటే గాడి, తొట్టి, దొడ్డి మూడూ ఒకటే మాటకి. బాగుంది, మూడు బొమ్మలు చేయించాలి ఇప్పుడు.

గుండ్లకమ్మ ఒడ్డు:
‘సత్రము’ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2:7లో సత్రమని తెనిగించిన గ్రీకు మాటే లూకా 22:11లో ‘విడిది గది’ అయింది. మంచి సమరయుని కథలో డబ్బిచ్చి దిగే చోటు ‘పూటకూళ్లవాని యిల్లు’, అది వేరే మాట. చుట్టాలింట్లో విడిది గది నిండిపోయిందేమో, సత్రం వాడు తలుపు వేశాడన్నది నాటకాల వాళ్ల కల్పన. పాపం, ప్రతి ఏడూ ఒక పిల్లవాడికి ఆ దుర్మార్గపు వేషం తగులుకుంటుంది.

మన్నేరు:
ఇంతకీ ‘టి’నా, ‘టె’నా? ఆదివారం అప్పజెప్పాలి.

పెన్నా పొర్లుకట్ట:
అచ్చులో ఉన్నట్టే చెప్పించండి.

పులికాట్ కొంగ:
పెద్దవాళ్లు చెప్పినట్టు చెప్పించండి.

మోపాడు చెరువు:
అదే వచనంలో ‘తొలిచూలు కుమారుని’ దగ్గర పిల్లలు కిసుక్కుమంటారు చూడండి. తొలిచూలు పడ్డ, రెండో చూలు బర్రె అని సంతలో విన్న మాటే వాళ్లకు తెలుసు. దానికి ఏం చెబుతున్నారు?