తమ్ముడి ఫ్యామిలీ పెన్షన్ నిర్వహణకు పరిమిత సంరక్షకత్వం ఎలా పొందాలి?

అందరికీ నమస్కారం. మేము విశాఖపట్నం మర్రిపాలెంలో ఉంటాము. నా తమ్ముడు చాలా ఏళ్లుగా స్కిజోఫ్రెనియాకు మందులు వాడుతున్నాడు. అమ్మా నాన్నా పోయాక ఫ్యామిలీ పెన్షన్ అతని ఖాతాలోనే జమ అవుతోంది. ఆరోగ్యం నిలకడగా ఉన్న నెలల్లో టీ ఖర్చు, సిటీ బస్సు ఛార్జీతో సహా అన్నీ చిన్న నోటుపుస్తకంలో తానే రాసుకుంటాడు. జబ్బు తిరగబెట్టినప్పుడు మాత్రం పెన్షన్ పడిన రోజే ఏటీఎంలో మొత్తం తీసి, ఆర్కే బీచ్‌లో అడిగినవారికల్లా పంచి వస్తాడు. ఇక మందులకు కూడా డబ్బు మిగలదు.

బ్యాంకువారు కోర్టు ఉత్తర్వు తెమ్మంటున్నారు. ఆస్తి వ్యవహారాలకు మేనేజరును నియమించే వీలున్న 1987 నాటి చట్టం రద్దయింది. దాని స్థానంలో వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రోగి తన తరఫున నామినేట్ చేసే ప్రతినిధి పాత్ర చికిత్సకు సంబంధించినదే. ఇక మిగిలింది 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్‌లోని పరిమిత సంరక్షకత్వం. సంరక్షకుడు ఆ వ్యక్తిని సంప్రదించి, అతనితో కలిసి నిర్ణయాలు తీసుకోవాలనే ఆ పద్ధతే నాకు న్యాయంగా తోస్తోంది, ఎందుకంటే బాగున్న రోజుల్లో తన డబ్బుపై తమ్ముడి పెత్తనం పోకూడదు.

విశాఖలో ఎవరైనా ఈ ఉత్తర్వు పొందారా? దరఖాస్తు జిల్లా కోర్టులో వేయాలా, కలెక్టరేట్‌లోనా? వైకల్య ధ్రువపత్రంతో పాటు ఏ కాగితాలు అడిగారు? ఉత్తర్వు వచ్చేలోగా, అతని అంగీకారంతోనే ఏటీఎం రోజువారీ పరిమితిని తగ్గించడం వంటి ఏర్పాటు మీలో ఎవరికైనా ఉపయోగపడిందా? దయచేసి తెలియజేయండి.