హైస్కూలు పిల్లలకు పళ్ల సంగతి ఎంత తెలుసో ఎలా అడగాలి?

ప్రశ్న:
ఉదయగిరి వైపు ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు నోటి ఆరోగ్యం మీద ఎంత అవగాహన ఉందో తెలుసుకోవడానికి ఎక్కడో దొరికిన ఇరవై ప్రశ్నల పత్రం ఇచ్చాను. రోజుకు రెండుసార్లు పళ్లు తోముకోవాలా అన్నదానికి దాదాపు అందరూ అవుననే రాశారు. తీరా చూస్తే చాలామందికి పాచి పేరుకుని ఉంది, కొందరికి దవడ పళ్లు పుచ్చిపోయాయి. పిల్లలు అబద్ధం రాశారా, లోపం నా పత్రంలో ఉందా?

సమాధానం:
మేడమ్ గారూ, పిల్లలను అనుమానించకండి. ఆ ప్రశ్నలోనే మీరు కోరే జవాబు ఉంది. నెల్లూరు నుంచి దంతవైద్య శిబిరాలకు వెళ్లే తొలి రోజుల్లో నేనూ ఇలాగే అడిగేదాన్ని. తెలిసి ఉండడం వేరు, చేయడం వేరు కనుక, చేసేదాన్ని తెలుసుకోవాలంటే పేరు రాయవద్దని చెప్పి, "నిన్న నిద్ర లేచినప్పటి నుంచి పడుకునే వరకు ఏమేం తిన్నావు, పళ్లు ఎప్పుడెప్పుడు, దేనితో తోముకున్నావు" అని అడగండి. తెలిసినదాన్ని కనుక్కోవడానికి చిన్న సందర్భం ఇవ్వండి: తోముకున్నప్పుడల్లా చిగుళ్ల నుంచి రక్తం వస్తున్న అమ్మాయి ఏం చేయాలి, ఎందుకు? తోముకోవడం మానేయాలని రాసినవారికి, ఆ రక్తం సాధారణంగా పాచి వల్ల వాచిన చిగుళ్ల నుంచి వస్తుందని, మెత్తని బ్రష్‌తో శుభ్రం చేస్తేనే తగ్గుతుందని ఇంకా తెలియదన్నమాట.

మీ ప్రాంతానికి సంబంధించి అన్నిటికన్నా ముఖ్యమైనది ఫ్లోరైడ్ ప్రశ్న. "ఫ్లోరైడ్ పళ్లకు మేలు చేస్తుందా?" అన్నదానికి అవును అన్నదొక్కటే సరైన జవాబుగా చాలా పత్రాల్లో ఉంటుంది. కానీ ఉదయగిరి, కనిగిరి ప్రాంతాల పిల్లలు బోరు నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఇంట్లోవాళ్ల పళ్లు గోధుమరంగుకు మారడం చూస్తూ పెరిగారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని పసితనం నుంచి, అంటే చిగురు లోపల పళ్లు ఇంకా తయారవుతున్న దాదాపు ఎనిమిదేళ్ల లోపు వయసులో, తాగితే ఆ మచ్చలు వస్తాయి. అదే ఫ్లోరైడ్ పేస్టులో ఉండి పంటి పైపొరకు తగిలితే పుచ్చిపోకుండా కాపాడుతుంది. కాబట్టి కీడు అని రాసినవారిని తెలియనివారిగా లెక్కించడం అన్యాయం. నీటి గురించి ఒకటి, పేస్టు గురించి ఒకటి విడదీసి అడగండి.

"గార" అన్న మాటతోనూ జాగ్రత్త అవసరం. పంటి మీద గట్టిపడిన పాచినీ, ఫ్లోరైడ్ మచ్చలనూ జనం ఆ ఒక్క మాటతోనే పిలుస్తారు. మొదటిది దంతవైద్యుల వద్ద శుభ్రం చేయించుకుంటే పోతుంది. రెండోది పంటిలోనే ఉంటుంది కనుక ఎంత తోమినా పోదు. మచ్చలు పోవాలని ఇటుక పొడితో రుద్ది పంటి పైపొర అరగదీసుకున్న పిల్లలను చూసి నాకు చాలా బాధ కలిగింది. రెండు ఫొటోలు పక్కపక్కనే పెట్టి, దేన్ని ఎలా పోగొట్టవచ్చో రాయమనండి.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు మేడమ్. కీడు అని రాసిన పదకొండు మందికీ సున్నా వేశాను. ఆ మార్కులు రేపే సరిచేస్తాను. కొత్త పత్రం అందరికీ ఒకేసారి ఇవ్వవచ్చా?

సమాధానం:
ముందు ఎనిమిది, పది మందికి ఇచ్చి, ప్రతి ప్రశ్ననూ వాళ్ల మాటల్లో తిరిగి చెప్పించుకోండి. వాళ్లు తడబడిన చోట ప్రశ్నను మార్చండి. "తెలియదు" అని రాసేందుకు కూడా చోటు ఉంచండి, లేకపోతే ఊహించి రాస్తారు.