తొలి టాకీల కాలంలో హాలీవుడ్ నటుల గొంతు, యాస: ఒక సందేహం

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. నేను పర్లాకిమిడిలో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న పంతులిని. ఏటా ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజున, మా ఊళ్ళో పదిహేను ఇరవైమందిమి ఒకచోట చేరి భాష గురించి మాట్లాడుకుంటాం. ఆయన ఇక్కడే పిల్లలకు పాఠాలు చెప్పారు, ఇక్కడే సవరల భాష నేర్చుకున్నారు, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని ఇక్కడ ఉండగానే వాదించారు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు విడిచిపెట్టి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఈసారి సభలో నేను తెరమీద మాట పుట్టిన రోజుల గురించి చెప్పాలనుకుంటున్నాను. తెలుగు టాకీల సంగతి కొంత తెలుసు కాని, అంతకు ముందు 1927 నుంచి నాలుగైదేళ్ళపాటు హాలీవుడ్‌లో నటులకూ దర్శకులకూ ఏమి జరిగిందో వివరంగా తెలిసినవారు చెబితే మేలు.

నా సందేహాలు రెండు. మూకీల్లో గొప్ప ప్రేమ నాయకుడిగా వెలిగిన జాన్ గిల్బర్ట్ గొంతు కీచుగా ఉండడం వల్ల మొదటి టాకీలతోనే నవ్వులపాలయ్యాడని చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఆయన పతనానికి నిజంగా గొంతే కారణమా? రెండోది నాకు మరింత ముఖ్యమైనది. ఇతర దేశాల నుంచి వచ్చి ఇంగ్లీషును తమ యాసలో పలికే నటులు అక్కడ ఎందరో ఉన్నారు కదా, శబ్దం రాగానే వాళ్ళ గతి ఏమైంది?

ఇది ఎందుకు అడుగుతున్నానో కూడా చెప్పాలి. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడుతూ పెరిగిన మా పిల్లలు విశాఖ వెళితే వాళ్ళ తెలుగులో ఒడియా వినపడుతుందంటారు. భువనేశ్వర్ వెళితే తెలంగా అంటారు. మొన్న మా మేనకోడలు ఒక డబ్బింగ్ స్టూడియోకు గొంతు పరీక్షకు వెళ్ళింది. గొంతు చాలా బాగుంది కాని యాస పనికిరాదని పంపించివేశారు. ఆ పిల్ల ముఖం చూసినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.


చదువరి, బరంపురం

మాస్టారూ, నమస్కారం. నేను కళాశాలలో ఇంగ్లీషు చెబుతాను. ఆ కాలపు సినిమాలు ఇష్టంగా చూస్తాను. గిల్బర్ట్ గురించి మీరు విన్న కథ ఆయనకు జరిగిన అన్యాయమని నా నమ్మకం. ఆయన మాట్లాడిన సినిమాలు ఇప్పటికీ చూడవచ్చు. విన్నవారెవరికీ అది కీచు గొంతు అనిపించదు. ప్రతి అక్షరాన్నీ పట్టి పట్టి పలికే మామూలు మగ గొంతు, అంతే. 1929లో వచ్చిన ‘హిజ్ గ్లోరియస్ నైట్’ చూసి జనం నవ్వారంటే, ఆ నవ్వు పుట్టించినది ఆయనచేత పలికించిన మాటలేనని నేను అనుకుంటాను. మూకీల్లో ప్రేమ సన్నివేశం కళ్ళతో, చేతులతో, వెలుగునీడలతో నడిచేది. హాల్లో వాద్యబృందం దాన్ని మోసేది. మాటలను ప్రేక్షకుడు తన మనసులో తనకు నచ్చినట్టు ఊహించుకునేవాడు. అదే నాయకుడు నిన్ను ప్రేమిస్తున్నానని మళ్ళీ మళ్ళీ నోటితో, అదీ నాటకఫక్కీలో, చెప్పేసరికి ఆ ఊహ చెదిరిపోయింది. ఆ సినిమాకు దర్శకత్వం వహించిన లయనెల్ బారీమోర్ స్వయంగా పెద్ద నటుడే, అయినా కాపాడలేకపోయాడు.

గిల్బర్ట్ పనిచేసిన సినిమా కంపెనీ ఎం.జి.ఎం. అధిపతి లూయీ బి. మేయర్ కక్షతో ఆయన గొంతును యంత్రంలో పాడుచేయించాడని చెప్పుకునే మాటను మాత్రం సభలో నిజంగా చెప్పకండి, అది వదంతిగానే మిగిలింది. తాను టాకీల్లోకి రావడానికి కొద్దిగా ముందు గిల్బర్ట్ సినిమాకు 2,50,000 డాలర్ల చొప్పున ఒప్పందం కుదుర్చుకున్నాడు, కనుక ఆయన తడబాటు కంపెనీకి చాలా ఖరీదైన తడబాటు. ఆ తర్వాత మంచి పాత్రలు తగ్గాయి, తాగుడు పెరిగింది. 1933లో ‘క్వీన్ క్రిస్టినా’కు గ్రేటా గార్బో పట్టుబట్టి ఆయన్నే నాయకుడిగా పెట్టించుకుంది. ఆ సినిమా చూస్తే గొంతు గురించిన కథంతా ఎంత వట్టిదో ఎవరికైనా తెలుస్తుంది. 1936 జనవరిలో, 38 ఏళ్ళకే, ఆయన చనిపోయాడు.

కీచు గొంతు కథను మన తరం దాకా మోసుకొచ్చినది చాలావరకు 1952 నాటి ‘సింగిన్ ఇన్ ద రెయిన్’. అందులో వికారమైన గొంతుగల తారగా జీన్ హేగన్ నటించింది. ఆ తారకు మరో అమ్మాయి చాటున గొంతు అరువిచ్చే సన్నివేశంలో మనకు వినపడే సొంపైన గొంతు నిజానికి జీన్ హేగన్ సొంత గొంతే. మీ మేనకోడలికి ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

ఇక యాస. దానివల్ల నిజంగా దెబ్బతిన్నవారు ఉన్నారు. జర్మనీ నుంచి వచ్చిన ఎమిల్ యానింగ్స్ ఉత్తమ నటుడిగా మొట్టమొదటి ఆస్కార్ అందుకున్నవాడు. అయినా టాకీలు రాగానే 1929లో తిరిగి వెళ్ళిపోవలసి వచ్చింది. గార్బో విషయంలో ఎం.జి.ఎం. ఏం చేసిందో చూడండి. ఆమె స్వీడన్ మనిషి. తొందరపడి మాట్లాడించకుండా 1929 అంతా మూకీల్లోనే నటింపజేసి, 1930లో ‘అనా క్రిస్టీ’ తీశారు. అందులో ఆమె స్వీడన్ నుంచి వలస వచ్చిన కుటుంబపు పిల్ల, బతుకులో నలిగిపోయి తండ్రిని వెతుక్కుంటూ రేవులోని సారాకొట్టుకు వస్తుంది. కుర్చీలో కూలబడి విస్కీ తెమ్మని, పోయడంలో పిసినారితనం వద్దని అడుగుతుంది. ఆ బొంగురు గొంతూ ఆ యాసా ఆ మనిషివే అనిపిస్తాయి. గార్బో మాట్లాడుతోంది అన్న ఒక్క మాటతోనే కంపెనీ దేశమంతా ప్రచారం చేసుకుంది. యానింగ్స్‌కు ఎవరూ అలాంటి పాత్రను వెతికి పెట్టలేదు. నా దృష్టిలో అక్కడి తేడా అంతా ఇదే: ఒకరి యాసకు తగిన కథ దొరికింది, మరొకరికి దొరకలేదు.


పాత ఆపరేటర్, గుణుపురం

చదువరి గారు చెప్పినదానికి కొంత కలపాలి. నేను ఈ ప్రాంతపు హాళ్ళలో ప్రొజెక్టర్ ఆపరేటరుగా చాలా ఏళ్ళు పనిచేశాను, కనుక గొంతు గురించి మాట్లాడేటప్పుడు నాకు ముందు యంత్రమే గుర్తుకొస్తుంది. 1927 అక్టోబరు 6న న్యూయార్క్‌లో విడుదలైన ‘ది జాజ్ సింగర్’ పూర్తి టాకీ కాదు. చాలా భాగం మూకీయే. గాయకుడు ఆల్ జోల్సన్ పాటలూ, తల్లితో చనువుగా ఆడిన కొద్దిపాటి మాటలూ మాత్రమే వినిపిస్తాయి. దాన్ని తీసిన వార్నర్ సోదరుల్లో దాని వెనుక పట్టుదలగా నిలిచిన శామ్ వార్నర్ విడుదలకు ముందురోజే కన్నుమూశాడు, అన్నదమ్ములెవరూ ఆ ప్రదర్శనకు రాలేకపోయారు. మొదటినుంచి చివరిదాకా మాట్లాడిన మొదటి పెద్ద సినిమా మరుసటి ఏడాది వచ్చిన ‘లైట్స్ ఆఫ్ న్యూయార్క్’.

ఆ సినిమాలలో శబ్దం ఫిల్ము మీద ఉండేది కాదు. పదహారు అంగుళాల గ్రామఫోను ప్లేటు మీద ఉండేది. ఒక ప్లేటు ఒక రీలుకు, అంటే సుమారు పదకొండు నిమిషాలకు, సరిపోయేది. ముల్లు లోపలి నుంచి బయటికి నడిచేది. మేము రీలు తెగితే రెండు ఫ్రేములు కోసి అతికించేవాళ్ళం, చూసేవాడికి తెలిసేది కాదు. వాళ్ళు అలా అతికిస్తే ఆ రీలు ముగిసేదాకా పెదవులొక చోట, మాట మరొక చోట. పోయిన ఫ్రేములకు సరిగ్గా అన్ని నల్ల ఫ్రేములు పెట్టి తీరాలి. ఆ గదిలో ఆపరేటరు పడిన భయం నాకు కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. ఫాక్స్ కంపెనీవాళ్ళు ఫిల్ము అంచునే శబ్దాన్ని ముద్రించే పద్ధతి తెచ్చారు. నేను చివరి రోజు దాకా ఎక్సైటర్ ల్యాంపు (ఫిల్ము అంచున ఉన్న శబ్దాన్ని చదివించే దీపం) వెలిగించి నడిపినది ఆ పద్ధతి సంతానమే.

తీసేచోట ఇంకా కష్టం. కెమెరా చప్పుడు మైకులో పడకుండా దాన్ని ఆపరేటరుతో సహా ఒక మూసిన గదిలో పెట్టేవారు, కనుక మూకీల్లో చక్కగా కదిలిన కెమెరా కదలడం మానేసింది. ఆర్క్ దీపాలు రొద చేస్తాయని మామూలు బల్బు దీపాలకు మారారు. కాగితం విప్పితే పిడుగు పడినట్టు వినపడేది. 1929లో హాస్యనటులు మార్క్స్ సోదరుల మొదటి టాకీలో పటం చూసే సన్నివేశానికి ఆ కాగితాలను నీళ్ళలో తడిపి ఇచ్చారు. నటుడు మైకు దగ్గరే నిలబడి దానివైపే మాట్లాడాలి. ఇలాంటి చోట నిలబెట్టి, నీ గొంతు బాగాలేదు అంటే ఎలా? 

దీనికి విరుగుడు కనిపెట్టినవారిలో డొరతీ ఆర్జ్‌నర్ ఒకరు. అప్పటి హాలీవుడ్ పెద్ద కంపెనీలలో ఆడవారు దర్శకత్వం చేయడమే అరుదు. 1929లో ‘ది వైల్డ్ పార్టీ’ తీసేటప్పుడు, మైకు భయంతో బిగుసుకుపోతున్న క్లారా బౌ సెట్టులో హాయిగా తిరగగలిగేలా, ఆర్జ్‌నర్ మైకును ఒక చేపల గాలపు కర్రకు కట్టించి నటి తలమీదుగా పట్టించింది. ఈనాటికీ షూటింగులో కర్ర పట్టుకుని నిలబడే కుర్రవాడిని చూస్తే నాకు ఆమె గుర్తుకొస్తుంది.

రూబెన్ మమూలియన్‌ను కూడా మరవకండి మాస్టారూ. జార్జియాలోని టిఫ్లిస్‌లో పుట్టిన అర్మేనియన్ ఆయన. ఇంగ్లీషు ఆయనకు కూడా నేర్చుకున్న భాషే. 1929 నాటి ‘అప్లాజ్’లో తల్లి జోలపాట పాడుతూ ఉంటే కూతురు గుసగుసగా ప్రార్థన చేస్తుంది. రెండూ ఒక్క మైకులో పట్టవని చుట్టూ ఉన్నవారు చెప్పినా వినకుండా, రెండు మైకులు పెట్టి వేర్వేరుగా పట్టి తర్వాత కలిపాడు. రెండేళ్ళ తర్వాత ‘డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్’లో మనిషి రాక్షసుడిగా మారే చోట వినపడే గుండె చప్పుడు కోసం, తానే మెట్లెక్కి దిగి తన గుండెను రికార్డు చేయించుకున్నాడు.


రెండు భాషల బిడ్డ, జయపురం

మాస్టారు గారికి నమస్కారాలు. మీ రెండో సందేహం మన ఇళ్ళకు దగ్గరది కాబట్టి రాస్తున్నాను. మూకీకి దేశం మారినప్పుడల్లా అక్షరాల కార్డులు మారిస్తే సరిపోయేది. మాట వచ్చాక ఆ సౌకర్యం పోయింది, డబ్బింగు ఇంకా చేతికి రాలేదు. అందుకని ఒకే కథను ఒకే సెట్టులో వేర్వేరు భాషల్లో మళ్ళీ మళ్ళీ తీశారు. పారామౌంట్ కంపెనీ 1930లో పారిస్ దగ్గరి జ్వాన్‌వీల్‌లో ఇందుకోసమే ఒక స్టూడియో నడిపింది. హాస్యజంట లారెల్, హార్డీ ఇద్దరూ కెమెరా పక్కన పలక మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాసిపెట్టిన స్పానిష్, ఫ్రెంచి మాటలను చూసి పలికేవారు. వాళ్ళ వచ్చీరాని ఉచ్చారణ ఆ దేశాలవారికి మరింత నచ్చింది.

అన్నిటికన్నా నాకు నచ్చినది 1931 నాటి ‘డ్రాక్యులా’. పగలు టాడ్ బ్రౌనింగ్ దర్శకత్వంలో బేలా లుగోసీ డ్రాక్యులాగా ఇంగ్లీషులో నటించేవాడు. రాత్రి అదే సెట్టులోకి మరో బృందం దిగి అదే కథను స్పానిష్‌లో తీసేది. ఆ దర్శకుడు జార్జ్ మెల్‌ఫర్డ్‌కు స్పానిష్ రాదు; కథానాయిక లుపితా తోవార్ మెక్సికో అమ్మాయి. రాత్రి సినిమా పగటి సినిమాకన్నా సుమారు అరగంట పెద్దది, కెమెరా కదలికల్లో దానికన్నా మేలైనదని చాలామంది మెచ్చుకుంటారు, నేనూ వారిలో ఒకడిని. పగటి లుగోసీ సంగతి చూస్తే, ఆయన హంగేరీవాడు; ప్రతి మాటనూ ఆగి ఆగి, బరువుగా దించుతాడు. ఆ తర్వాత ఆ పాత్ర వేసిన ఎందరో ఆ యాసనే అనుకరించారు. యాస ఆయనకు తిండి పెట్టింది, నిజమే. అయితే దానివల్లే జీవితమంతా అలాంటి పాత్రల్లోనే ఇరుక్కుపోయాడన్నది కూడా మీ సభలో చెప్పాలి. అది కూడా ఒక నష్టమే.

మనవైపు పోలిక కావాలంటే 1931 అక్టోబరులో వచ్చిన ‘కాళిదాస్’ ఉంది. హెచ్.ఎం. రెడ్డి తీసిన ఆ సినిమాలో నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే నాయకుడు తెలుగులో జవాబు చెబుతాడు. దీన్ని వింతగా రాసేవారిని చూశాను. మా ఇంట్లో అమ్మ తెలుగులో పిలిస్తే పక్కింటి పిన్ని ఒడియాలో పలుకుతుంది, ఇద్దరికీ ఏ లోటూ లేదు. ఆ తర్వాతి ఏడాది వి. శాంతారాం అయోధ్య రాజు కథను మరాఠీలో ఒకసారి, హిందీలో ఒకసారి తీశాడు. అది అచ్చంగా హాలీవుడ్ పద్ధతే.


మహేంద్రతనయ, పర్లాకిమిడి

మీ ముగ్గురికీ ఎంతో రుణపడి ఉన్నాను. ఆపరేటర్ గారి గాలపు కర్ర సంగతి మా మేనకోడలికి చదివి వినిపించాను, మరోసారి చదవమంది. ఒక్క చిన్న మాట మిగిలింది. నాటకఫక్కీ మాట పోయి వీధి మాట తెరమీదికి ఎప్పుడు వచ్చింది? గిడుగువారి సభలో ఇది చెప్పకపోతే తప్పవుతుంది. అలాగే సభలో చూపించడానికి ఏదైనా ఒక్క దృశ్యం చెప్పండి, పది నిమిషాలకు మించకూడదు.


చదువరి, బరంపురం

మాస్టారూ, 1929 ప్రాంతంలో కంపెనీలు న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే నాటకాల నుంచి నటులను, ఉచ్చారణ నేర్పే గురువులను తెప్పించుకున్నాయి. నేర్చుకున్న ఆ గుండ్రటి ఇంగ్లీషు ఏ ఊరిదీ కాదు. దానికి గట్టి జవాబు 1931లో విలియం వెల్‌మన్ తీసిన ‘ది పబ్లిక్ ఎనిమీ’. అందులో మొదట ప్రధాన పాత్ర ఎడ్వర్డ్ వుడ్స్‌ది. జేమ్స్ కాగ్నీ అతని స్నేహితుడు. తీసిన కొద్ది భాగం చూశాక వెల్‌మన్ ఇద్దరి పాత్రలనూ తారుమారు చేశాడు. కాగ్నీ న్యూయార్క్ పేదవాడల్లో పెరిగినవాడు, పక్కింటి యూదుల ఇడ్డిష్ కూడా మాట్లాడగలడు. మాటను విసిరేస్తాడు, తుంచేస్తాడు, వేగంగా మింగేస్తాడు. ఆ సినిమాతో అతను పెద్ద తార అయ్యాడు.

చూపించడానికి మాత్రం ‘అనా క్రిస్టీ’లోని సారాకొట్టు దృశ్యమే ఎంచుకోండి. ఆ సినిమాను గార్బోతోనే, అదే కంపెనీలో, జాక్ ఫేడర్ దర్శకత్వంలో జర్మన్‌లో కూడా తీశారు. ఇంగ్లీషులో ఆమె ఎదుట మేరీ డ్రెస్లర్ కూర్చుంటుంది, జర్మన్‌లో జాల్కా ఫియెర్టెల్. ముందు ఒకటి, వెంటనే రెండోది వేయండి. రెండోసారి శబ్దం కొంచెం పెంచండి, ఆ గొంతు రెండు భాషల్లో ఎలా మారుతుందో మీ మేనకోడలే అందరికన్నా ముందు పట్టుకుంటుంది.