అప్‌డేట్: ఫ్లై కట్టేటప్పుడు గాలం రంధ్రం మూసుకుపోయే సమస్య తీరింది

గాలానికి ఈకలు, దారం చుట్టి ఫ్లైలు (చేపలకి పురుగుల్లా, చిన్న జీవుల్లా కనిపించే ఎరలు) కట్టడం సొంతంగా నేర్చుకుంటున్నానని, ప్రతిసారీ గాలం ముందున్న, తాడు కట్టే రంధ్రం దారంతో మూసుకుపోతోందని, తోక పక్కకి తిరిగిపోతోందని ఇంతకుముందు అడిగాను. రెండూ తీరాయి.

ముందు సైజు మార్చాను. 16వ నంబర్ గాలం వదిలేసి 8వ నంబర్ తీసుకున్నాను (నంబర్ పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది). నెల రోజులు వూలీ బగ్గర్ అనే రకం ఫ్లై ఒక్కటే కట్టాను. కొత్తవాళ్లకి ఇంతకంటే మంచి పాఠం లేదని నా నమ్మకం.

తోక తిరగడానికి కారణం, నున్నటి గాలం మీద ఈకని నేరుగా కట్టేయడమే. ఇప్పుడు ముందుగా గాలం పొడవునా దారం చుట్టి, ఆ గరుకు మీద ఈకని వేళ్ల మధ్య నొక్కిపట్టి, మొదటి రెండు చుట్లు వదులుగా వేసి నిట్టనిలువుగా బిగిస్తున్నాను. అస్సలు కదలడం లేదు!

రంధ్రం వెనక దాని వెడల్పుకి రెండింతల చోటు ఖాళీగా ఉంచితే చాలు, తల ముడి (దారం ఊడకుండా చివర్లో వేసే ముడి) హాయిగా పడుతుంది. ఆ ముడి మాత్రం ఇంకా చేత్తోనే వేస్తున్నాను, పరికరం వాడటం రాలేదు.

నిన్న వరుసగా ఆరు కట్టాను. ఆరూ ఒకేలా వచ్చాయి. సాయం చేసిన అందరికీ చాలా థాంక్స్.