చెరువా, బోరా? పోల్చి చెబుతూనే ఒప్పించేలా వ్యాసం రాయడం ఎలా?

డిగ్రీ_రెండో_ఏడు:
అందరికీ నమస్తే. మా కాలేజీలో వ్యాసరచన పోటీ పెట్టారు. అంశం "సాగుకు చెరువు మేలా, బోరు మేలా", వెయ్యి పదాలు. రెండిటినీ పోల్చాలి, కానీ చదివినవాళ్లు చివరికి మన మాటే ఒప్పుకోవాలి అన్నారు సార్. నేను చెరువు వైపు. కాగితం మధ్యలో గీత గీసి అటూ ఇటూ రాసుకుంటే రెండు వైపులా పాయింట్లు సమానంగా వచ్చాయి. బోరులో మంచి కూడా రాస్తే నా వాదన పలచబడదా? రాయకపోతే ఏకపక్షం అంటారేమోనని టెన్షన్. ముందు చెరువు సంగతంతా రాసి ఆ తర్వాత బోరు రాయాలా, కలిపి రాయాలా?

సుద్దముక్క:
పాయింట్లు లెక్కపెట్టడం ఆపమ్మా, దేనితో కొలుస్తున్నావో ముందు తేల్చుకో. "ఈ ఎండాకాలం నా చేను తడవాలి" అనుకుంటే బోరే గెలుస్తుంది, స్విచ్ వేస్తే నీళ్లు, తూము ఎప్పుడు తెరుస్తారా అని ఎదురు చూడక్కర్లేదు. "మా పిల్లలు సాగు చేసే నాటికి కూడా ఊళ్లో నీళ్లుండాలి" అనుకుంటే చెరువు. ఈ రెండో కొలతే ఎందుకు సరైనదో మొదటి పేరాలోనే చెప్పి ఒప్పించు, మిగతా వ్యాసం దాని మీదే నడుస్తుంది. ఇక కలిపే రాయి. చెరువు గురించి అయిదు వందల పదాలు చదివి బోరు దగ్గరికొచ్చేసరికి మొదట ఏం చెప్పావో ఎవరికీ గుర్తుండదు. ఖర్చు, భరోసా, భూగర్భజలం, ఒక్కో పేరాలో రెండూ పక్కపక్కన ఉండాలి. బలమైనది చివర్లో పెట్టు.

కట్టమీది_వేప:
పైన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను చెప్పేది బోరు బలం దాచొద్దని. రైతులు ఊరికే బోర్ల వైపు పోలేదు కదా. చెరువు నిండని ఏడు ఆయకట్టంతా బీడు, నిండినా చివరి మడికి నీళ్లందక తగాదాలు, పైగా 2004లో ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక మోటారు నడపడం తేలికైంది. ఇదంతా నిజాయితీగా రాసి, అప్పుడు అడుగు: ఆ బోర్లోకి నీళ్లెక్కడివి? మన దగ్గర చాలాచోట్ల కింద గట్టి రాయి, నీళ్లు నిలిచేది దాని పగుళ్లలోనే. చెరువు నిండితే దాని కింది బావులూ బోర్లూ పుంజుకుంటాయని ఏ రైతునడిగినా చెబుతాడు. అంటే ఎదుటి పక్షం బలం కూడా నీ చెరువు మీదే ఆధారపడి ఉందన్నమాట.

ఆధారం మాత్రం గట్టిగా ఉండాలి. "పూర్వం రాజులు చెరువులు తవ్వించారు" అని రాస్తే ఎవరూ కదలరు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) చూడు. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెక్కించారు. నీళ్లు తక్కువై తడపాల్సిన భూమి ఎక్కువ కావడం ఆ దోషాల్లో ఒకటి. ఈ రోజు పక్కపక్కనే బోర్లు వేసుకుంటున్న మన ఊళ్లకు ఆ మాట అచ్చంగా సరిపోతుంది, నాకైతే చదివినప్పుడల్లా ఒళ్లు గగుర్పొడుస్తుంది.

మెట్టరైతు_బిడ్డ:
నాదో అభ్యంతరం. మాది అనంతపురం వైపు, మా పొలానికి ఏ చెరువూ అందదు, బోరు లేకపోతే మాకు పంటే లేదు. బోరు వేసినవాణ్ణి దోషిలా చూపిస్తే మా నాన్నలాంటి వాళ్లు రెండో పేరాలోనే కాగితం పక్కన పడేస్తారు. ఒప్పించాల్సింది వాళ్లనే కదా చెల్లీ, చెరువంటే ముందే ఇష్టమున్నవాళ్లను కాదు. అందుకే "బోరు వద్దు" అనకుండా, "సర్కారు డబ్బు ముందు చెరువు పూడికతీతకు పోవాలి" అని చిన్నగా, పట్టుగా వాదించు. తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల పూడికతీత పథకం మిషన్ కాకతీయ ఉదాహరణగా పనికొస్తుంది. తీసిన మట్టిని రైతులు తమ పొలాలకు తోలుకున్నారు కూడా.

డిగ్రీ_రెండో_ఏడు:
అందరికీ థాంక్సండీ. అన్నా, మీ మాటతో నా వాదనే మార్చుకున్నాను. మొదటి వాక్యం ఇలా అనుకుంటున్నా: "బోరు భూమిలోంచి నీళ్లు తోడుతుంది, చెరువు భూమిలోకి నీళ్లు ఇంకిస్తుంది, తోడేది నిలవాలంటే ఇంకించేదాన్ని ముందు బాగుచేయాలి." సరిపోతుందా?

సుద్దముక్క:
బాగుంది. "ముందు" అన్నావు కాబట్టి, పూడిక తీశాక బోర్ల సంగతేమిటో కూడా చివరి పేరాలో చెప్పాలి. అది రాసి ఇక్కడ పెట్టు, చూస్తాం.