‘గాట్ మిట్ ఉన్స్’: దేవుడు మనకు తోడా, మాకు తోడా?

మిత్రులారా, జర్మన్ సైనికుల బెల్టు బకిల్ మీద ఉండే ‘గాట్ మిట్ ఉన్స్’ని తెలుగులో ఎలా రాయాలి? పాత జర్మన్ రాజ్యం ప్రష్యా పతకాలు, నెత్తిన ముల్లున్న తోలు టోపీలు పెట్టిన మ్యూజియంల్లో ఈ బకిల్ దాదాపు ప్రతిచోటా కనిపిస్తుంది, మధ్యలో కిరీటం, దాని చుట్టూ ఈ మూడు మాటలు. ‘దేవుడు మనతో ఉన్నాడు’ అని రాసేయడం తేలికే. నాకు మాత్రం ఆ ‘మన’ దగ్గరే పేచీ.

జర్మన్‌లో ‘ఉన్స్’ అంటే మనమూ కావచ్చు, మేమూ కావచ్చు, వాళ్ళకి ఆ తేడా లేదు. మనకి అలా కుదరదు, ఎదుటివాణ్ణి కలుపుకున్నామా లేదా అన్నది నోరు తెరవగానే తేలిపోతుంది.

ఈ మాట బైబిల్‌లోది. మత్తయి 1:23లో ఇమ్మానుయేలు పేరుకు అర్థం చెప్పేచోట మార్టిన్ లూథర్ జర్మన్ అనువాదంలో ఉన్నవి ఇవే మూడు మాటలు, మన తెలుగు బైబిల్ అక్కడ ‘దేవుడు మనకు తోడు’ అంటుంది. అక్కడ ‘మనకు’ ఎంత బాగుందో చూడండి, ఎవర్నీ బయట పెట్టదు. అదే మాటని పదిహేడో శతాబ్దంలో యూరప్‌లో జరిగిన ముప్పై ఏళ్ల యుద్ధంలో స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ సైనికులు నినాదంగా అరిచారు, తర్వాత అది ప్రష్యా సైనికుడి నడుముకెక్కింది. 1914లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, తూర్పున జర్మన్లకి ఎదురుపడ్డ రష్యా సామ్రాజ్యం నినాదం కూడా, రష్యన్‌లో, సరిగ్గా ఇదే! అటూ క్రైస్తవులే, ఇటూ క్రైస్తవులే. అలాంటప్పుడు ‘మనకు తోడు’ అని రాస్తే ఇద్దరూ ఒకే చోట కూర్చుని ప్రార్థన చేస్తున్నట్టుంటుంది కానీ, ఒకరినొకరు కాల్చుకుంటున్నట్టు ఉండదు.

పక్కనున్న తోటి సైనికుడితో అంటే ‘మనకు’ అనే అంటాడు కదా అనొచ్చు, నిజమే. కానీ బకిల్ మీది అక్షరాలు ఎదుటివాడి వైపు చూస్తుంటాయి. అందుకే నా ఓటు ‘దేవుడు మాకు తోడు’కి. ‘దేవుడి తోడు’ అని మాత్రం రాయకండి, అది ఒట్టు అయిపోతుంది.

ఏ కాలపు బకిలో కూడా పక్కన రాయాలి. 1918లో రాజు దిగిపోయాక కిరీటం పోయి గద్ద వచ్చింది, హిట్లర్ కాలంలో ఆ గద్ద కాళ్ళకింద స్వస్తిక చేరింది, పైన మాటలు మాత్రం అవే. ఈనాటి జర్మన్ సైన్యం బకిల్ మీద వాళ్ళ జాతీయగీతంలోని ఐక్యత, న్యాయం, స్వేచ్ఛ అన్న మాటలున్నాయి. అక్కడ మనం, మేం అన్న గొడవే లేదు.

ఇంకొకటి తేల్చండి. జర్మనీలోనే మరో రాజ్యమైన బవేరియా సైనికుల టోపీల ముందు బిళ్ళ మీద ‘ఇన్ ట్రాయె ఫెస్ట్’ అని ఉంటుంది. ‘విశ్వాసంలో స్థిరం’ అందామంటే విశ్వాసం అనగానే నమ్మకమో, మతమో గుర్తొస్తుంది, ‘విధేయత’ అంటే మరీ తలవంచినట్టుంది. ‘నిష్ఠ’ సరిపోతుందా, లేక మన పల్లెల్లో ఇంతకంటే మంచి మాట ఉందా?